ఆవ చేనులో పేనుబంక: మందు కన్నా విత్తే తేదీ ముఖ్యం

ప్రశ్న: వరి కోశాక నవంబర్ చివర్లో ఎకరంలో ఆవాలు చల్లాను. ఇప్పుడు పూత మీద ఉంది. గట్టు వైపు మొక్కల చివర్లకు పేనుబంక పట్టింది. షాపులో రెండు మందులు కలిపి కొట్టమంటున్నారు. కెనడాలో ఉన్న మా అల్లుడేమో అక్కడ కనోలా పంటలో విత్తే పద్ధతితోనే చాలావరకు పురుగును అదుపు చేస్తారంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, గరివిడి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: రెండు మందులు కలపొద్దండి. ఈ వారం అసలు మందే అవసరం పడకపోవచ్చు. పేనుబంక ఇంకా గట్టు పక్కనే ఉందంటున్నారు కాబట్టి, పట్టిన చివర్లను తుంచి సంచిలో వేసుకుని, చేనుకు దూరంగా పూడ్చేయండి. గట్టు మీదే పడేస్తే మళ్లీ మొక్కలెక్కుతాయి. పది రోజులాగి ఇంకోసారి అలాగే చేయండి.

ఈలోగా చేనంతా తిరిగి అక్కడక్కడ ఓ 20 మొక్కలు చూడండి. నడి కొమ్మ చివరి 10 సెంటీమీటర్లలో ఎన్ని పేలున్నాయో లెక్కపెట్టండి. సగటున 25 దాటితేనే మందు గురించి ఆలోచించాలి. వాటి మధ్య నల్లగా, చిన్న మొసళ్లలా తిరిగేవి కనిపిస్తే కంగారు పడకండి. అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తినేవి. కొత్త పురుగొచ్చిందని టెన్షన్ పడి వాటి మీదే మందు కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి కదలకుండా ఉన్న పేలు కూడా మంచి గుర్తే. పరాన్నజీవి కందిరీగ వాటిలో గుడ్లు పెట్టిందన్నమాట.

లెక్క 25 దాటితే థయామెథాక్సామ్ 25 డబ్ల్యూజీ ఒక్కటే, లీటరు నీటికి 0.2 గ్రాముల చొప్పున, ఎకరాకు 200 లీటర్ల నీటితో కొట్టండి. తేనెటీగలు వెళ్లిపోయాక, పొద్దువాలిన తర్వాతే కొట్టాలి. అవి తిరిగితే ఆవాలకు కాయ ఇంకా బాగా పడుతుంది. యూరియా ఇంకా వేయాలనుకుంటే మానేయండి. లేత చిగురు ఎంత పెరిగితే పేనుబంకకు అంత మేత.

మీ అల్లుడు చెప్పింది కొంతవరకు నిజమే. కనోలా కూడా ఆవ కుటుంబపు పంటే. అక్కడి పెద్ద బెడద మొలకల ఆకులకు చిల్లులు పెట్టే, గెంతే చిన్న పెంకు పురుగులు. విత్తనాన్ని కొంచెం ఒత్తుగా వేస్తారు, పాత పంట కొయ్యకాళ్లు దున్నకుండా ఉంచి అందులోనే విత్తుతారు. దాంతో నష్టం తగ్గుతుంది. విత్తన శుద్ధి, అంటే విత్తే ముందు విత్తనానికి మందు పట్టించడం మాత్రం వాళ్లకూ తప్పదు. మన బాధ వేరు. పేనుబంక మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని పెడుతుంది. చలికి తోడు మబ్బు, మంచు ఉంటే వేగంగా పెరుగుతుంది. వరి కోశాక విత్తిన ఆవాలు సరిగ్గా ఆ రోజుల్లోనే పూతకొస్తాయి.

అందుకే వచ్చే ఏడు పల్లంలో మినుమో పెసరో వేసుకుని, ఆవాలను నువ్వులు తీసిన గరువు భూమిలో, తడి వసతి ఉంటే, అక్టోబర్ రెండో పక్షంలోనే విత్తండి. అలా ముందుగా వేస్తే మొలక దశలో రంపపు ఈగ పురుగులు రావచ్చు. ఉదయం పూట చూడండి, ముట్టుకుంటే ముడుచుకుని కింద పడిపోతాయి. అప్పుడు ఒక తడి ఇస్తే చాలావరకు నీళ్లలో మునిగి చస్తాయి.