తొట్లకొండకు పోయే ముందు

తిరుపతి

అమ్మణ్ణీ,

సంక్రాంతి సెలవులకు మీరు చిత్తూరు నుంచి వైజాగ్ పోతున్నారని, బీచ్, సబ్‌మెరైన్ అయ్యాక, ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండిన తొట్లకొండ కూడా చూస్తారని మీ నాయన ఫోన్లో చెప్పాడు. "అన్నా, అక్కడేముంటుంది?" అని అడిగాడు. "గోడలు" అన్నాను. నవ్వాడు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

నేను మొదటిసారి పోయింది హైస్కూల్లో పనిచేసే రోజుల్లో, పిల్లల టూరుతో. బస్సు దిగి, మోకాటి ఎత్తు ఇటుక గోడల మధ్య తిరుగుతున్నాం. ఒక పిల్ల "సార్, స్వామి ఎక్కడ?" అంది. తిరుపతి పిల్ల కదా! గంటల తరబడి కంపార్ట్‌మెంట్లో కూర్చొని, స్వామిని రెప్పపాటు చూసుకొని, లడ్డూ తీసుకొని బయటపడటం మనకు అలవాటు. ఆ కొండ మీద క్యూ లేదు, గర్భగుడి లేదు, నా దగ్గర జవాబూ లేదు. పిల్లలందరినీ స్తూపం అంచు మీద నిలబెట్టి ఫోటో తీయించి, ఇరవై నిమిషాల్లో బస్సెక్కించేశాను. కాపలా ఆయన కేకలేశాడు. ఆయన కేకలేయడం న్యాయమే. రెండు వేల ఏళ్ళ కట్టడం అది. 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపంలో ఒక వైపు కూలిపోతే మళ్ళీ కట్టాల్సి వచ్చింది. మీవాళ్ళను గోడలెక్కనివ్వొద్దు, ముందు చెప్పేది అదే.

రిటైరయ్యాక ఒక్కణ్ణే మళ్ళీ పోయాను. ఈసారి గుడికి పోయినట్టు కాకుండా, ఊళ్ళో లేని చుట్టాల ఇంటికి పోయినట్టు పోయాను. తలుపు ఎటు, పడక ఎక్కడ, వంటిల్లు ఎక్కడ, నీళ్ళెక్కడ అని వెతుక్కుంటూ తిరిగితే మూడు గంటలు తెలియకుండా గడిచిపోయాయి.

నీళ్ళతో మొదలుపెట్టు. ఆ కొండకు పేరు వచ్చిందే నీళ్ళ తొట్ల వల్ల. కొండరాతిని తొలిచి చేసిన తొట్లు పదకొండు ఉన్నాయి. కొండ మీద ఏరు లేదు, పడిన వాననే దాచుకోవాలి. ఒక తొట్టి పక్కన చాలాసేపు గొంతుక్కూర్చున్నాను. లోపల పచ్చగా నాచు పట్టిన నీళ్ళు, పైన తూనీగలు. అంచు మీద చెయ్యి పెడితే చల్లగా, ఎగుడుదిగుడుగా తగిలింది. మా అమ్మ పెరట్లో గిలకబావి ఒర మీద చేద తాడు కోసిన గాట్లు గుర్తొచ్చాయి. భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఊళ్ళు తిరగకుండా ఒకచోట ఉండిపోయేవాళ్ళు, వర్షావాసం అంటారు. ఆ మూడు నెలల్లో ఈ తొట్లు నిండుతుంటే వాళ్ళు రోజూ వచ్చి తొంగి చూసుకొని ఉండరా అనిపించింది.

తర్వాత గదులు. విహారం అంటే వరసగా చిన్నచిన్న గదులు. గోడలు పడిపోయి పునాదులే మిగిలాయి కాబట్టి పైనుంచి చూస్తే ఇంటి ప్లాను గీసినట్టే కనిపిస్తుంది. నీ కొడుకును గుమ్మం ఉన్న చోటు నుంచే ఒక గదిలోకి పంపి, మధ్యలో నిలబెట్టి చేతులు చాపమను. ఫ్యాన్ లేదు, ఫోన్ లేదు, మధ్యాహ్నం దాటితే తిండి లేదు, భిక్షువుల నియమం అది. "ఎన్ని రోజులుంటావురా?" అని అడుగు. మావాడిని అడిగితే వైఫై గురించి అడిగాడు. గదుల నుంచి రాతి పలకల దారి పట్టుకొని పోతే వంటశాల, భోజనశాల వస్తాయి. పిల్లలకు అక్కడే ఉత్సాహం పుడుతుంది. వంటిల్లు ఉందంటే మనుషులు ఉన్నారని వాళ్ళకు నమ్మకం.

స్తూపాన్ని అన్నిటికంటే చివరగా చూడండి. "స్వామి ఎక్కడ?" అని నీ కూతురు అడక్కపోదు, జవాబు చెప్పేస్తున్నాను. ఇక్కడున్న భిక్షువులకు విగ్రహం పెట్టుకొనే పద్ధతి లేదు. స్తూపాన్నీ బుద్ధపాదాలనూ కొలిచేవాళ్ళు. అష్టమంగళాలు, అంటే ఎనిమిది శుభ గుర్తులు, చెక్కిన పాదాలు తవ్వకాల్లో దొరికాయి. స్తూపం చుట్టూ మన గుళ్ళో తిరిగినట్టే, అది కుడి చేతి వైపు ఉండేలా ఒక్కసారి తిరగండి. ఎవరూ తిరగమనరు, అయినా తిరగండి.

ఈ కొండ సంగతి బయటపడిన తీరు కూడా పిల్లలకు చెప్పు. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు కనిపించాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే ఇవన్నీ తేలాయి. వాటిలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ ఉన్నాయి. కొండ అంచున నిలబడి కింద సముద్రం చూపించి ఈ మాట చెప్పు, వేరే పాఠం అక్కర్లేదు.

ఇక ప్రయాణం. తిరుమల ఎక్స్‌ప్రెస్‌కు ఇప్పుడే రిజర్వేషన్ చూసుకో, పండగ రద్దీ. వైజాగ్ నుంచి భీమిలి రోడ్డులో సుమారు 15 కిలోమీటర్లు, మంగమారిపేట దగ్గర కొండ మీదికి దారి. పొద్దున్నే పోండి. పైన నీడ తక్కువ, జనవరి అయినా పదకొండు దాటితే ఎండ చురుక్కుమంటుంది. మనిషికో నీళ్ళ బాటిల్. చెనిక్కాయలు, బొరుగులు సంచిలో వేసుకో, తొక్కలు మాత్రం మళ్ళీ సంచిలోకే రావాలి. అల్లుడికి మోకాళ్ళ నొప్పి కదా, ఆటో పైదాకా పోతుంది, టెన్షన్ పడొద్దు. గైడును నమ్ముకోవద్దు, బోర్డులు చదువుకుంటే చాలు.

టైముంటే ఆ రోడ్డులోనే బావికొండ. బావుల వల్ల ఆ పేరు. దానికంటే అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్ళో ఉన్న బొజ్జన్నకొండకు పోవడం మేలు అంటాను. అక్కడ గుహల్లో బుద్ధుడి విగ్రహాలున్నాయి, నీ కూతురు సంతోషపడుతుంది. పక్క కొండ పేరు లింగాలకొండ. రాతిలో చెక్కిన చిన్న స్తూపాలు గుట్టంతా ఉంటే జనానికి శివలింగాల్లా కనిపించాయి, ఆ పేరు పెట్టేశారు. తొట్లు కనిపిస్తే తొట్లకొండ, బావులు కనిపిస్తే బావికొండ. బుద్ధుడు మాత్రం బొజ్జన్న అయిపోయాడు! ఈ పేర్ల మీద నాకు ప్రేమ ఎక్కువ, మీ పెద్దమ్మ ఇప్పటికే వినివిని విసిగిపోయింది. కనుమ నాడు బొజ్జన్నకొండ దగ్గర పెద్ద తీర్థం జరుగుతుంది, జనంలో ఏమీ చూడలేరు. ఆ రోజు తప్పించి పోండి.

ఒకవేళ టికెట్లు దొరక్కపోతే దిగులు వద్దు. మనకు దగ్గర్లో నందలూరు పక్కన కూడా బౌద్ధుల ఆనవాళ్ళున్నాయి. సౌమ్యనాథస్వామి దర్శనం చేసుకొని అటు ఒక పూట పోయి రావచ్చు, నేనూ వస్తాను.

రైలెక్కడానికి తిరుపతి రావాల్సిందే కదా, ఒక పూట ముందే వచ్చెయ్యండి. నా గుడ్డటోపీ, పాత గొడుగు బీరువా మీద పెట్టి ఉంచాను. గొడుగు కాస్త బిగుసుకుంది, తెరిచేటప్పుడు వేలు జాగ్రత్త.

మీ పెద్దనాయన