‘పెంచుతుంది’ అని రాశావు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడపడం వచ్చు నీకు, సరే. కానీ మూడో పేజీలో ‘కాల్షియం సంకేతం మొక్కను పెంచుతుంది’ అన్నావు చూడు, అక్కడే నా టీ చల్లారిపోయింది.

నాకు తెలిసిన సంగతి ఒకటే. సైన్సు రాసేటప్పుడు క్రియాపదం తప్పితే, పేర్లన్నీ సరిగ్గా ఉన్నా లాభం లేదు. కాల్షియం కబురు మోస్తుంది. ఆ కబురు ‘ఆగు’ అని కూడా కావచ్చు.

కణం పైపొరలో ఉన్న పంపు ప్రోటాన్లను, అంటే పులుపు పుట్టించే హైడ్రోజన్ అయాన్లను, బయటికి తోస్తుంది. బయట పులుపెక్కితే కణం గోడలోని ఎక్స్‌పాన్సిన్లు అనే ప్రోటీన్లు దాని బిగువు సడలిస్తాయి, లోపలి నీటి ఒత్తిడికి కణం సాగుతుంది. ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఆ పంపుల్లో ఒకటి ఏహెచ్ఏ2. దాని తోకలో 931వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద పీకేఎస్5 అనే కైనేజ్ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) ఫాస్ఫేటు తగిలిస్తుందని 2007లో తేలింది. ఇక పంపును ఉరకలెత్తించే 14-3-3 అనే ప్రోటీన్ వచ్చి అతుక్కోలేదు, పంపు చల్లబడుతుంది. ఆ కైనేజ్‌తో జతకట్టేది కాల్షియాన్ని పసిగట్టే ప్రోటీనే. అంటే నువ్వు యాక్సిలరేటర్ అన్నది నిజానికి బ్రేకు! పీకేఎస్5 లేని మొక్కలు క్షారం ఎక్కువైన చోట కూడా తట్టుకున్నాయి, ఎందుకంటే ప్రోటాన్లను ఆపేవాళ్ళు లేరు. చౌడు నేలలున్న మనకు ఇంతకంటే పనికొచ్చే ముక్క ఏముంది? నువ్వు దాన్ని వదిలేసి కాల్షియాన్ని ‘ప్రాణదూత’ అని పొగిడావు.

ఆ పొగడ్త నీ తప్పు కాదులే. ఓ ఆదివారం అనుబంధం సంపాదకుడు నా వ్యాసంలో ‘ఆపుతుంది’ కొట్టేసి ‘అద్భుతం చేస్తుంది’ అని పెట్టాడు. ముప్పై ఏళ్ళయినా ఆ మంట ఆరలేదు.

నేనూ తక్కువ తినలేదు. ప్రోటాన్ల స్రావం మీద నాలుగుసార్లు రాశాను, నాలుగూ తిరిగొచ్చాయి. చివరికి ఓ బోటనీ లెక్చరర్ గారు ఒక గాజు పళ్ళెం చూపించారు. బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే, పులుపును బట్టి మారే రంగు కలిపిన అగర్ జెల్లీలో మొక్కజొన్న మొలక వేరు. కొన్ని గంటల్లో వేరు చుట్టూ ఊదారంగు పోయి పసుపు పాకింది. పీహెచ్ 5.2 కిందికి దిగితే ఆ రంగు అంతే. ఆ రాత్రి అయిదోసారి కూర్చుంటే పేజీన్నరలో అయిపోయింది.

అగర్ కిరాణాలో చైనా గ్రాస్ అంటే ఇస్తారు, రంగు మీ కాలేజీ ల్యాబ్‌లో అడుగు. ఈ రాత్రే మొక్కజొన్న గింజలు నానబెట్టు. మూడో పేజీ ఆ తర్వాత పంపు.