లైన్ ప్లాట్‌లో మధ్య సంఖ్యలు వదిలేస్తున్న పిల్లలకు

లైన్ ప్లాట్ (సంఖ్యారేఖ పైన ఒక్కో కొలతకు ఒక ఇంటూ గుర్తు పెట్టే పటం) గీసేటప్పుడు మీ ఐదో తరగతి పిల్లలు మధ్యలో 10 లాంటి సంఖ్యలు వదిలేసి పెన్సిళ్ల పొడవులను 9, 9½, 11, 12½ అని పక్కపక్కనే రాసేయడానికి కారణం చాలావరకు బార్ గ్రాఫ్ అలవాటే. అక్కడ మామిడి, జామ, అరటి ఏ వరుసలో రాసినా నడుస్తుంది. లైన్ ప్లాట్‌లో ప్రతి సంఖ్యకూ దాని చోటు దానికే ఉంటుంది.

ఇలా చేసి చూడండి:

1. కొలతలన్నీ అర సెంటీమీటరుకు సరిచేసి బోర్డు మీద రాయండి. అతి చిన్నది, అతి పెద్దది పిల్లలతోనే గుర్తింపజేయండి.

2. ఒక్క గుర్తు కూడా పెట్టకముందే సంఖ్యారేఖ మొత్తం గీయించండి. చాలామంది దాటేసేది ఈ మెట్టునే. 9, 9½, 10, 10½, 11, 11½, 12, 12½. గళ్ల నోటుబుక్కులో రెండేసి గళ్లకు ఒకటి. 10 సెం.మీ. పెన్సిల్ ఎవరి దగ్గరా లేకపోయినా 10 ఉండాల్సిందే, దాని పైన ఖాళీగా వదలాలి. నాకు లైన్ ప్లాట్‌లో బాగా నచ్చేది ఆ ఖాళీయే. 12½ మిగతావాటికి ఎంత దూరంగా ఉందో లెక్క చేయకుండానే కంటికి తెలుస్తుంది.

3. ఒక్కో కొలతకు ఒక ఇంటూ గుర్తు, గడికి ఒకటే. పెట్టిన కొలతను బోర్డు మీద కొట్టేస్తూ పోవాలి. చివర్లో ఇంటూల లెక్క, పెన్సిళ్ల లెక్క సరిపోవాలి.

4. "11 మీద మూడు ఇంటూలు ఉంటే ఏమిటి అర్థం?" అని అడగండి. "3 సెం.మీ." అన్నవాళ్లతో "ముగ్గురి పెన్సిళ్లు 11 సెం.మీ. ఉన్నాయి" అని పూర్తి వాక్యం చెప్పించండి.