పాలిచ్చే కుక్క వణుకుతుంటే అది చలి కాదు

"మా పామరేనియన్ ఈని మూడు వారాలైంది, ఐదు పిల్లలు. పొద్దున్నుంచి రొప్పుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. కాల్షియం సిరప్ పడితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. ఇది పాలివ్వడం వల్ల తల్లి రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు, ఎక్లాంప్సియా అంటారు. ముందు పిల్లల్ని తల్లి దగ్గర నుంచి తీసేసి, దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మిగతాది దారిలో చదువుకోండి.

కాకినాడలో మా అక్క వాళ్ళ కుక్కకి ఇలాగే అయింది. డిసెంబరు కదా, చలేస్తోందని దుప్పటి కప్పారు. నేను వెళ్ళేసరికి పిల్లలు అరుస్తున్నా పట్టించుకోకుండా గదంతా తిరుగుతోంది, మూతి గోడకేసి రుద్దుకుంటోంది. కాసేపటికి కాళ్ళు కర్రల్లా బిగుసుకుని పక్కకి పడిపోయింది. దుప్పటి తీసి చెయ్యి వేస్తే ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు చూస్తే 106 డిగ్రీలు. పక్కింటి పెద్దాయన "పాల జ్వరమే, రేపు చూసుకోవచ్చు" అన్నారు. ఆవుకి పాల జ్వరమొస్తే ఒళ్ళు చల్లబడి కూలబడిపోతుంది. కుక్కకి ఇలా ఫిట్స్ వస్తాయి, రేపటిదాకా ఆగితే ప్రాణం పోతుంది.

డాక్టరు కుక్క గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటూ, కాల్షియం గ్లూకోనేట్ చాలా నెమ్మదిగా నరంలోకి ఎక్కించారు. మందు పూర్తవకముందే వణుకు తగ్గింది. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకని దయచేసి కాంపౌండరుతో ఇంట్లో సూది వేయించకండి.

నాకు అసలు కోపం మందుల షాపుల మీద. కుక్క కడుపుతో ఉందని చెప్తే చాలు, సిరప్ సీసా చేతిలో పెడతారు. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు అవసరమైనప్పుడు ఎముకల్లోంచి కాల్షియం తీసిస్తాయి. నెలంతా బయట నుంచి పోస్తే అవి మందగిస్తాయి. ఈనాక పాలకి ఒక్కసారిగా కావలసి వస్తే అందించలేవు. మన దగ్గర ఈ జబ్బు సగం ఆ సీసాల వల్లే వస్తోందని నా గట్టి నమ్మకం. మిగతా సగం చాలినంత బలం లేని పెరుగన్నమే పెట్టడం వల్ల. చూలుతో ఉన్న చివరి వారాల నుంచి పాలు మానేదాకా తల్లికి పప్పీ ఫుడ్డే పెట్టాలి. కాల్షియం ఈనాకే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

పిల్లల్ని కనీసం ఒక రోజు తల్లి దగ్గరికి పంపకండి. కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టండి, ఆవుపాలు వాటికి చాలవు. మూడు వారాలు దాటాయి కాబట్టి పప్పీ ఫుడ్ నానబెట్టి మెత్తగా చేసి అలవాటు చేయొచ్చు, తల్లిపాలు పూర్తిగా మాన్పించడమే మేలు. ఒకసారి వచ్చిన కుక్కకి మళ్ళీ ఈనినప్పుడు కూడా రావచ్చు. పిల్లలకి మంచి రేటొస్తోందని ప్రతిసారీ కట్టించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. కుక్కపిల్లలు పాలు మానగానే మా అక్క తల్లికి మళ్ళీ చూలు రాకుండా ఆపరేషన్ చేయించేసింది. మీరూ డాక్టరుతో ఆ మాట ఈ రోజే మాట్లాడండి.