పేరు ఊడిన గిటారు, మూగబోయిన పికప్పు

ప్రశ్న: మా నాన్నగారు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన ఎలక్ట్రిక్ గిటారు ఇరవై ఏళ్లుగా అటక మీదే ఉంది. తల మీద పేరు లేదు, రెండు చిన్న మేకు రంధ్రాలు మాత్రం కనిపిస్తున్నాయి. ట్యూనింగ్ కీలు ఒకవైపు నాలుగు, మరోవైపు రెండు. ముందువైపు బంగారు రేకు మెరుస్తున్న రెండు పికప్పులు (తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు కాయిళ్లు), వాటి పైన వరసగా చిన్న స్విచ్చులు. వెనక రేకు మీద ‘స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్, మేడిన్ జపాన్’ అని ఉంది. ఇది ఏ కంపెనీది? ఎప్పటిది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వెనక రేకు మీదున్నది కంపెనీ పేరు కాదు. 1960లలో జపాన్‌లో చాలా ఫ్యాక్టరీలు ఇలాంటి రేకులే బిగించేవి. మెడ లోపల ఉక్కు పట్టీ ఉందన్నదే దాని అర్థం. చాలావాటిలో ఆ పట్టీని బిగించడానికీ వదులు చేయడానికీ వీలుండదు. మెడ వంగినప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి.

కంపెనీ జాడ మిగతా మూడు గుర్తుల్లో ఉంది. నాలుగూ రెండుగా చీలిన తల, బంగారు రేకు పికప్పులు, వరస స్విచ్చులు, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది టైస్కోని. 1946లో టోక్యోలో పుట్టిన ఈ కంపెనీని 1967లో జపాన్ వాద్యాల కంపెనీ కవాయ్ కొనేసింది. అమెరికాలో ఇవే గిటార్లు టైస్కో డెల్ రే పేరుతోనూ, సియర్స్ దుకాణాల్లో సిల్వర్‌టోన్ పేరుతోనూ అమ్ముడయ్యాయి. ఒకే గిటారుకు ఇన్ని పేర్లుండటంతో పేరు బిళ్లను రెండు చిన్న మేకులతో కొట్టేవారు. ఊడిపోయింది ఆ బిళ్లే. లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. బిళ్ల ఉన్నంత మేర రంగు వెలవకుండా ఉంటుంది. ఆ అచ్చు ఆకారాన్నీ, రంధ్రాల మధ్య దూరాన్నీ పాత ఫొటోల్లోని బిళ్లలతో పోల్చి చూస్తే పేరు తేలుతుంది. మీరు చెప్పిన రూపం 1960ల మధ్య కాలానిది.

మెడ విప్పి కూడా చూడాలి. తీగలు పూర్తిగా వదులు చేశాకే వెనక నాలుగు స్క్రూలు తీయండి. మెడ మడమ (ఒంటికి బిగించే చివర) మీద గానీ, అది కూర్చునే గూట్లో గానీ పెన్సిల్ అంకెలో రబ్బరు ముద్రో ఉండొచ్చు. స్క్రూ తుప్పు పట్టి తిరగకపోతే బలం పెట్టొద్దు, తల అరిగిపోతుంది. వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఇరవై, ముప్పై సెకన్లు ఆనించి, చల్లారాక తిప్పండి. వేడికి లోహం వ్యాకోచించి, చుట్టూ చెక్కతో పట్టు విడిపోతుంది.

ప్రశ్న: అదే గిటారు. మెడ వైపు పికప్పు పలకడం లేదు. రెండోది పలుకుతోంది గానీ వాల్యూమ్ తిప్పితే గరగర. ఊళ్లో మెకానిక్ పికప్పులు రెండూ మార్చేయమంటున్నాడు.

జవాబు: మార్చొద్దు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ తన గిటారు స్ట్రాటోక్యాస్టర్‌లో టైస్కో బంగారు రేకు పికప్పు బిగించుకున్నాడు. అప్పటినుంచి చవక గిటారు సామానుగా చూసిన ఈ పికప్పులకే విడిగా గిరాకీ వచ్చింది. గిటారు మొత్తానికి పలికే ధరలో పెద్ద వాటా వీటిదే కావచ్చు. పైగా లోపం పికప్పులోనే ఉందని ఇంకా తేలలేదు.

గిటారు విప్పకుండానే ఈ పరీక్ష చేయండి. కేబుల్‌ను గిటారులో గుచ్చండి. రెండో కొనను ఆంప్లిఫయర్‌కు కాకుండా మల్టీమీటరుకు ఇవ్వండి: ఒక ముల్లు కేబుల్ ప్లగ్గు మొనకి, మరొకటి దాని కాండానికి. వాల్యూమ్ పూర్తిగా పెంచి, మెడ పికప్పు స్విచ్ ఒక్కటే వేసి, మీటరును 20 కిలో ఓమ్‌ల మీద పెట్టండి.

నాలుగు నుంచి పది కిలో ఓమ్‌ల మధ్య ఏదో అంకె వస్తే కాయిల్ బాగానే ఉన్నట్టు. సున్నా గానీ దాని దగ్గర గానీ వస్తే ఎక్కడో వైరు గ్రౌండుకు తగులుతోంది. ముందు గిటారు జాక్ చూడండి, తర్వాత స్విచ్. మీటరు అంకె చూపకపోతే రెండు మెగా ఓమ్‌ల స్థానానికి మార్చండి. అక్కడ 250 కిలో ఓమ్‌లో 500 కిలో ఓమ్‌లో కనిపిస్తే మీటరు చదువుతున్నది వాల్యూమ్ పాట్‌ను (నాబ్ కింద తిరిగే భాగాన్ని) మాత్రమే, పికప్పు దాకా దారి లేదు. దారి తెగింది స్విచ్‌లోనా కాయిల్‌లోనా అన్నది తర్వాతి మాట.

ఈ గిటార్లలో ఎక్కువ పాళ్లు నేరం స్విచ్‌లదే. వాడకుండా పడి ఉన్న స్లైడు స్విచ్ లోపలి లోహం నల్లబడి కరెంటును ఆపేస్తుంది. ముందు పలక మొత్తం విప్పి తిరగేసి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను స్విచ్ సందులోకి సన్నని గొట్టంతో రెండుసార్లు కొట్టి, అటూ ఇటూ నలభై సార్లు ఆడించండి. వాల్యూమ్ పాట్‌కు కూడా కాళ్ల దగ్గర ఉన్న సందులోంచి ఇదే వైద్యం. గరగర చాలావరకు అక్కడికే పోతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దు. వారం పాటు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి బంకగా మారుతుంది. తలుపు బందులకు కొట్టే మామూలు డబ్ల్యూడీ-40 కూడా ఈ పనికి కాదు.

శుభ్రం చేసినా పలకకపోతే పికప్పు వైరు ఒకటి విడదీసి, నేరుగా దాని రెండు వైర్ల మధ్య కొలవండి. అప్పుడూ అంకె రాకపోతే కాయిల్ తెగింది. ఇలాంటి కాయిల్ తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటరు, తలవెంట్రుక కంటే సన్నం. తెగేది ఎక్కువగా చుట్టు మధ్యలో కాదు, బయటి వైరుకు టంకం వేసిన చోట. అక్కడ పచ్చటి చిలుము కనిపిస్తే దొంగ దొరికినట్టే. పికప్పు డబ్బాను పట్టి ఉంచే చిన్న రేకు నాలుకలను ఒక్కసారే వంచండి. మూడోసారికి విరుగుతాయి. పై చుట్టు నుంచి ఒక సెంటీమీటరు తీగ విప్పి, కొన మీది ఎనామిల్‌ను నున్నటి ఎమరీ కాగితంతో మెల్లగా గీకి, వైరుకు కలిపి సోల్డర్ చేయండి. మళ్లీ కొలవండి.

లోపలి కొన తెగితే కొత్తగా చుట్టించాల్సిందే. ఇక్కడే డబ్బు, కష్టం రెండూ వృథా అవుతుంటాయి. పికప్పుల పుస్తకాల్లో తీగ మందానికి రాసే 42 నంబరు అమెరికన్ గేజి. మన వైండింగ్ దుకాణాల్లో ఇచ్చేది బ్రిటిష్ గేజి, అందులో 42 అంటే 0.1 మిల్లీమీటరు. ఆ తీగతో చుడితే సగం చుట్లకే బాబిన్ (తీగ చుట్టే అచ్చు) నిండిపోతుంది, శబ్దం పీలగా వస్తుంది. బ్రిటిష్ గేజిలో అడగాల్సింది 46. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో గేజి నంబరు కాకుండా మిల్లీమీటర్లలో అడగండి. పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకోండి, చుట్టిన దిక్కు రాసిపెట్టుకోండి. దిక్కు తారుమారైతే రెండు పికప్పులూ కలిపి వేసినప్పుడు శబ్దం డొల్లగా వస్తుంది. అలా అయితే ఆ పికప్పు వైర్లు రెండూ అటుదిటు మార్చండి. ఒక వైరు లోహపు డబ్బాకు అతికి ఉంటే, ముందు డబ్బాకు వేరే గ్రౌండు వైరు ఇవ్వాలి.

ప్రశ్న: స్టేజి మీద పాత ఆంప్లిఫయర్‌తో వాయిస్తుంటే మైకుకు పెదవి తగిలి షాక్ కొడుతోంది. గిటారులో లోపమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గిటారులో కాదమ్మా. మీ వేళ్లు తీగల ద్వారా ఆంప్లిఫయర్ చట్రానికి కలిశాయి, పెదవి మైకు ద్వారా మిక్సర్ చట్రానికి కలిసింది. ఆ రెండిట్లో ఒకదానికి ఎర్త్ లేదు. మల్టీమీటరును ఏసీ వోల్టులకు పెట్టి ఒక ముల్లు గిటారు తీగకు, మరొకటి మైకు జాలీకి ఆనించండి. పది, ఇరవై వోల్టులు కనిపించినా ఆ రాత్రికి వాయించడం మానేయండి. మీటరులో ఏమీ లేకపోయినా షాక్ తగిలితే అదే మాట. ఆంప్లిఫయర్, మిక్సర్ రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి, ఆ బోర్డుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. హమ్ (గుంయ్‌మనే శబ్దం) పోతుందని మూడో పిన్ను పీకేసే వాళ్ల చేతికి ప్లగ్గు ఇవ్వకండి.

వాల్వుల ఆంప్లిఫయర్ అయితే మూత మీరు తీయొద్దు. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో మూడు, నాలుగు వందల వోల్టులు నిలవ ఉండొచ్చు.

ఇంకో మాట. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే గిటారు గ్రౌండు సరిగా ఉన్నట్టే. ముట్టుకుంటే పెరిగితేనే, ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి కింది గ్రౌండు వైరునూ, జాక్ దగ్గర వైర్లు తారుమారయ్యాయేమోననీ చూడాలి.

ప్రశ్న: ఇక్కడ గరాజ్ సేల్‌లో పాత ఐబనెజ్ గిటారు కొన్నాను. నంబరు హెచ్ అక్షరంతో మొదలై, తర్వాత 78, ఆపైన నాలుగంకెలు. ఏ ఏడాదిది?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: 1978 ఆగస్టు. 1975 నుంచి 1980ల మధ్య దాకా జపాన్ ఐబనెజ్‌లకు ఇదే పద్ధతి: ఏ నుంచి ఎల్ దాకా అక్షరం నెల, తర్వాతి రెండంకెలు ఏడాది. ఎక్కువగా మత్సుమోతోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీలో తయారైనవే. అయితే నంబరు మెడ మీద ఉంటుంది, మెడ మారిపోయి ఉండొచ్చు.

అక్కడ అమెరికన్ గిటార్లు కూడా మీ కంట పడుతుంటాయి కాబట్టి పాట్ల వీపు చదవడం నేర్చుకోండి. 137 6621 అని ఉంటే, 137 సీటీఎస్ కంపెనీ సంకేతం, 1966లో 21వ వారం. 304 అయితే స్టాక్‌పోల్. ఆ పాట్ మొదటినుంచీ ఉన్నదైతే గిటారు ఆ తేదీకి ముందుది కాదు. తర్వాత ఎన్నేళ్లదైనా కావచ్చు, పాట్లు పెట్టెలకొద్దీ కొని నిలవ పెట్టుకునేవారు. పక్కపక్కనే ఒక టంకం మసకగా, మరొకటి తళతళలాడుతూ ఉంటే ఎవరో చేయి పెట్టినట్టు.

ప్రశ్న: పాత జపాన్ గిటారు తీగలు వేళ్లకు అందనంత ఎత్తులో ఉన్నాయి. మెడ వంపు సరిచేయడానికి తిప్పే నట్టే లేదు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు వంపు ఎంతుందో చూడండి. తీగలు శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్టు (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర, చివరి ఫ్రెట్టు దగ్గర ఒకే తీగను నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్టు మీద సందు కొలవండి. ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే ఫీలర్ గేజ్ సరిపోతుంది. 0.2 నుంచి 0.3 మిల్లీమీటరు ఉంటే మెడ తిన్నగానే ఉంది, తప్పు మెడ వాలులో ఉంది. మెడ విప్పి, గూట్లో బ్రిడ్జి వైపు అంచున అర మిల్లీమీటరు మందం గట్టి అట్టముక్క అడ్డంగా పెట్టి బిగించండి. తల వెనక్కి వాలి, తీగలు కిందికి దిగుతాయి. అట్ట తల వైపు అంచున పడితే ఎత్తు ఇంకా పెరుగుతుంది. స్క్రూ రంధ్రాలు వదులైపోయి ఉంటే టూత్‌పిక్కులు ఫెవికాల్‌లో ముంచి దిగ్గొట్టి, ఒక రాత్రి ఆగి బిగించండి.

సందు 0.6 దాటితే మెడే వంగింది, అట్టముక్కతో పోదు. సన్నని తీగలు, అంటే 9–42 అని రాసి ఉన్న సెట్టు వేసి చూడండి. ఇంకా తగ్గకపోతే ఫ్రెట్లు తీసి మెడ మీది పలక చదును చేయాల్సిందే, అది లూథియర్ (గిటార్లు చేసే, బాగుచేసే నిపుణుడు) పని.

ఈ గిటార్లలో తల దగ్గర తీగలు ఆనే నట్ పక్కనే సున్నా ఫ్రెట్టు ఉంటుంది. తీగల ఒరిపిడికి దాని మీద గాట్లు పడితే ఖాళీ తీగ జీరగా మోగుతుంది. ఆ ఒక్కటి మార్చితే చాలు. ఫ్రెట్ల తుప్పును నున్నటి స్టీల్ ఊల్‌తో రుద్దేటప్పుడు పికప్పుల మీద టేపు అంటించండి. ఇనుప రజను అయస్కాంతానికి పట్టుకుంటే వదలదు.

ప్రశ్న: పాట్లు మార్చాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన సీటీఎస్ పాట్ రంధ్రంలో పట్టడం లేదు, పాత నాబ్ కూడా ఎక్కడం లేదు. రంధ్రం పెద్దది చేయనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దు. సీటీఎస్ పాట్ మెడ (రంధ్రంలో దూరే మర భాగం) అంగుళంలో 3/8 వంతు, అంటే 9.5 మిల్లీమీటర్లు. మీ పలక రంధ్రం ఏడో ఎనిమిదో మిల్లీమీటర్లు అయ్యుంటుంది. పాత సెల్యులాయిడ్ పలకను డ్రిల్లు చేస్తే పగులుతుంది. మెట్రిక్ కొలతల చిన్న పాట్ అడగండి. సింగిల్ కాయిల్ పికప్పులకు 250 కిలో ఓమ్‌లు, లేదా పాత పాట్ మీద రాసి ఉన్న విలువ. నాబ్ సంగతీ అంతే: చీలిక కాడ చుట్టూ పళ్లు మెట్రిక్‌లో 18, అమెరికన్‌లో 24. పళ్లు కలవకుండా అదిమితే చీలేది పాత నాబే.