రెండో డబ్బాలోనూ అదే ప్రోగ్రాం ఉంటే ఇక బ్యాకప్ ఏంటండీ?

"అంతరిక్ష నౌక సాఫ్ట్‌వేర్‌ని నెలల తరబడి టెస్ట్ చేస్తారు, బ్యాకప్ కంప్యూటర్ కూడా పెడతారు. మళ్ళీ ఈ ఫార్మల్ వెరిఫికేషన్ దేనికి?" అని ఒకరు అడిగారు. ఫార్మల్ వెరిఫికేషన్ అంటే ప్రోగ్రాం ఏ దారిలో వెళ్లినా తప్పు రాదని లెక్కలతో రుజువు చేయడం.

నేను హైదరాబాద్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తాను. రాకెట్‌ని టీవీలో తప్ప చూడలేదు. కానీ దీనికి జవాబు నాకు సఖినేటిపల్లి దగ్గర మా బాబాయ్ రొయ్యల చెరువు గట్టు మీద దొరికింది.

కరెంటు బిల్లు కలిసొస్తుందని బాబాయ్ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లని ఇరవై నిమిషాలు ఆపి, నలభై నిమిషాలు తిప్పే డబ్బా పెట్టించాడు. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునేలా రెండు డబ్బాలు. కరెంటు పోయినా ఆగకుండా రెండింటికీ ఇన్వర్టర్. అమ్మినాయన మూడు రోజులు దగ్గరుండి చూపించాడు, బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇరవై మూడో రోజు తెల్లవారుజామున, సెలవుకి వచ్చి ఇంట్లో పడుకున్న నాకు ఫోన్. "ఒరేయ్, రొయ్య తేలిపోయిందిరా!" నేను వెళ్లేసరికి ఏరియేటర్లు డైరెక్టుగా వేసేశాడు. బాబాయ్ లుంగీ ఎగ్గట్టి గట్టు మీద కూలబడి ఉన్నాడు. అంచున నీళ్లలో తెల్లగా చచ్చిన రొయ్య. రెండు డబ్బాల మీదా ఒకే అంకె: మైనస్ 32,7 తో మొదలైంది. నాకు వెంటనే వెలిగింది. డబ్బా వేసినప్పటి నుంచి నిమిషాలు లెక్కపెడుతోంది. ఆ లెక్క దాచడానికి 16 బిట్ల చోటే ఉంది, అందులో 32,767 దాటితే లెక్క మైనస్‌లోకి తిరగబడుతుంది. అంటే ఇరవై రెండు రోజుల పద్దెనిమిది గంటలు. పొద్దున పదింటికి వేశారు కాబట్టి సరిగ్గా తెల్లవారుజామున నాలుగింటికి, నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళకి! ఏరియేటర్లు ఆగి ఉన్నప్పుడు తిరగబడింది, మళ్ళీ వేయాల్సిన నిమిషం ఇక రాలేదు. మా ఊరి కరెంటు కోతకి డబ్బా మధ్యలో ఒక్కసారి ఆగినా లెక్క సున్నా నుంచి మొదలయ్యేది. ఇన్వర్టర్ పెట్టి మరీ తెచ్చుకున్నాం.

1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియన్ 5కి జరిగిందీ ఇదే తంతు. పాత రాకెట్ ఏరియన్ 4 కోసం రాసిన, దిశ లెక్కగట్టే ప్రోగ్రాంని కొత్త రాకెట్‌లో పెట్టారు. కొత్తది అడ్డంగా ఎక్కువ వేగం అందుకుంది, 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. బ్యాకప్ పరికరం ముందే ఆగింది, అసలుది ఆ వెంటనే. రెండింట్లోనూ ఒకే ప్రోగ్రాం మరి! నలభై సెకన్లకల్లా రాకెట్ ముక్కలు.

టెస్టింగ్‌లో మనకి తట్టినవే చూస్తాం. మా మేనేజర్‌కైతే అవి కూడా శుక్రవారం సాయంత్రం లోపు అయిపోవాలి, అది వేరే ఏడుపు. స్పిన్ లాంటి వెరిఫికేషన్ టూల్‌కి ప్రోగ్రాం నమూనా ఇస్తే, అది వెళ్లగలిగిన దారులన్నీ తనే తిరిగి చూస్తుంది. నాసా డీప్ స్పేస్ 1 నౌకని నడపడానికి రాసిన రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రాంలో స్పిన్ 1997లోనే ఒక చిక్కుముడి పట్టుకుంది. 1999 మేలో నౌక అంతరిక్షంలో ఉండగా అలాంటిదే ఇంకొకటి బయటపడింది, రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలబడిపోయాయి. ఎక్కడంటారా? స్పిన్‌తో చూడని భాగంలో.

అమ్మినాయన ఇంకా "మా తప్పేం లేదండీ, మీ ఎర్తింగ్ బాగోలేదు" అనే అంటున్నాడు. బాబాయ్ ఆయనతో వాదించడం మానేసి, ఆదివారం ఆదివారం డబ్బాలు ఆపి మళ్ళీ వేస్తున్నాడు. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం.