పాత ఏస్‌కు రిపేరా, కొత్త బండికి అప్పా?

ప్రశ్న: నాది 2012 మోడల్ టాటా ఏస్. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలతాను. డీజిల్ పోను రోజుకు 1,200 మిగులుతుంది. పోయిన ఏడాది సామాన్లకే 46,000 అయింది. పని నేనే చేసుకుంటాను కాబట్టి మెకానిక్ కూలి 9,000 దాకా మిగిలింది. బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ మార్చినా పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ పోలేదు. మొత్తం 19 రోజులు బండి నిలబడింది, అందులో 11 రోజులు నేను విప్పి సామాను కోసం తిరిగినవే. కొత్త బండికి 4 లక్షల లోను, 12 శాతం, 4 ఏళ్లు అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. కానీ మీ లెక్కలో ఒక తప్పుంది, ముందు అది చూద్దాం.

కూలి 9,000 మిగిలిందన్నారు. మీరు విప్పి పెట్టుకున్న 11 రోజులకు పోయిన ఆదాయం 13,200. అంటే సొంత రిపేరుతో మీకు 4,200 నష్టం. చేతిపని రాక కాదు, జబ్బేదో తేలకముందే స్పానర్ పట్టడం వల్ల.

నేనూ ఆ తప్పు చేసినవాడినే. మా ఇంటి పాత వ్యాన్‌కు డైనమో పోయిందని కొత్తది వేయించాను. చివరికి చూస్తే ఇంజిన్ దగ్గర ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్ బాడీకి కలిపేది) బోల్టు కింద తుప్పు. ఉప్పుకాగితంతో రెండు నిమిషాలు రుద్దితే సరిపోయింది. అందుకే చెబుతున్నా, ముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనండి, వందల్లోనే వస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 14 దరిదాపుల్లో. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్‌నే అనుమానించండి. అన్నీ బాగుంటే స్టార్టింగ్‌కు ముందు ఇంజిన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్‌లు, డీజిల్ లైన్లో గాలి చూసుకోవాలి. ఇవన్నీ శుభ్రంగా మీరే చేసుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగ్, డీజిల్ పంపు మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. సామాను చేతికొచ్చాకే బోల్టు విప్పండి, అదీ మండీ సెలవు రోజున.

ఇక అప్పు సంగతి. ఆ లోనుకు ఈఎంఐ దాదాపు 10,530, ఏడాదికి 1,26,000 పైమాటే. మొదటి ఏడాది అందులో వడ్డీయే 43,500 దాకా ఉంటుంది. పాత బండికి మీకైన మొత్తం ఖర్చు, సామాన్లు 46,000, నిలబడ్డ రోజులకు 22,800, కలిపి 68,800. ఈఎంఐలో అసలు కూడా తీరుతుంది కదా అంటారేమో. నిజమే, కానీ కొత్త బండి విలువా అదే వేగంతో పడిపోతుంది. పైగా టమాటా ధర పడి కిరాయిలు తగ్గిన నెలలో కూడా బ్యాంకు 5వ తేదీకి 10,530 అడుగుతుంది. పాత బండి అలా అడగదు.

అందుకని తోలిన ప్రతి రోజూ 200 పక్కన పెట్టండి, ఇంటి ఖర్చుల ఖాతాలో కాదు, వేరే ఖాతాలో. నెలకు 25 రోజులు తోలినా ఏడాదికి 60,000. థర్డ్ పార్టీ బీమా, ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష ఫీజు ఇందులోంచే కట్టండి. 2027లో మీ బండికి 15 ఏళ్లు నిండుతాయి, బండి పాతబడే కొద్దీ ఫిట్‌నెస్ ఫీజు పెరుగుతుంది. అప్పటికి ఆ ఖాతాలో మిగిలిందే కొత్త బండికి మీ డౌన్ పేమెంట్, లోను ఆ మేరకు తగ్గుతుంది.

ఈలోపే ఇంజిన్ దించాలని మెకానిక్ అంటే మాత్రం ఈ లెక్క మారుతుంది. అప్పుడు సామాను కొనకముందే నాకు రాయండి.